చలనచిత్రమునకు కృతిభర్త యెవరు?



పోతనామాత్యుడు భాగవతమును రాజున కంకితమీక శ్రీరామునకే సమర్పించెననుట మనము చిన్ననాటనుండి వినుచున్న కథ. ఆ కథను వాహినీవారు 1942–43 ప్రాంతమున ‘భక్త పోతన’ యను చిత్రముగా నిర్మించిరి. కె. వి. రెడ్డిగారు దర్శకులు, నాగయ్యగారు పోతన. ధనమును తృణీకరించిన కవి కథ నిర్మాతలకు ధనమును సమకూర్చెను! ఇది నవ్వి విడువదగినది కాదు, విచారింపదగినది.

కవికి తాటాకులును గంటమును చాలును. పొలము దున్నుకొని బ్రతుకుచు కావ్యము వ్రాయవచ్చును. చలనచిత్ర మట్టిది కాదు. నటులు, గాయకులు, ఛాయాగ్రాహకులు, వడ్రంగులు మొదలుగా ఎందరో చేతులు కలిపినగాని తెరపై బొమ్మ కదలదు. వారి కూలి యంతయు ముందే చెల్లింపవలయును. కావున “ధనముతో నాకేమి పని” యని చిత్రనిర్మాత అనజాలడు. అతడు పోతనవలె హలము పట్టి కళను కాపాడుకొనుట యెట్లు?

విజయావారు 1950లో ‘షావుకారు’ను తీసిరి. మన పల్లె బ్రతుకును సహజముగా చూపిన చిత్రమది. మెప్పు వచ్చినంతగా డబ్బు రాదయ్యెను. మరుసటి యేడే ‘పాతాళభైరవి’ని తీసిరి, జనము విరుగబడి చూచిరి. అంతమాత్రమున వారు కళ నమ్ముకొనిరనుట తగదు. మాంత్రికుని కథనైనను అంతే శ్రద్ధతో చెప్పిరి. జనమును రంజింపజేయుట దోషము కాదు. తనకు చెడ్డదని తెలిసియు “జనము కోరుచున్నారు” అని దానిని చొప్పించుట దోషము. బాలుడు కోరెనని తప్పును ఒప్పుగా దిద్దు ఉపాధ్యాయుని మనము మెత్తుమా?

బి. యన్. రెడ్డిగారు 1955లో ‘బంగారు పాప’ను తెచ్చిరి. జార్జి ఇలియట్టు ఆంగ్ల నవలను తెలుగు నేలపై నాటిన చిత్రమది. రాష్ట్రపతి రజత పతకము లభించెను. వసూళ్ళు మాత్రము తగినంత రావయ్యెను. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన విశ్వనాథ్ గారి ‘శంకరాభరణము’నకును మొదట ప్రేక్షకులు పలుచగనే యుండిరి. అందు పేరుపడిన కథానాయకుడు లేడు; నాటకరంగమునుండి వచ్చిన సోమయాజులుగారు ముఖ్య పాత్రధారి. చూచినవారు చూడనివారికి చెప్పిరి. చెప్పగా విని మరికొందరు వెళ్ళిరి. తుదకు ఆంధ్రదేశము దాటి అది ఆదరణ పొందెను. దానిని నిలిపినది ప్రేక్షకుని నోటిమాటయే.

ఇచట నా తప్పొకటి చెప్పుకొందును. ఉద్యోగ మున్న కాలమున, చిత్రములు చెడిపోయినవని అరుగుపై కూర్చుండి నేను నిత్యము నిందించుచుండెడివాడను. ఒకనాడు మా పట్టణమునకు మంచి చిత్రము వచ్చినదని పూర్వశిష్యుడొకడు చెప్పెను. “వచ్చు ఆదివారము చూతములే” అంటిని. ఆదివారము వెళ్ళునప్పటికి దానిని తీసివేసి వేరొకటి వేసియుండిరి. అచటి గుమాస్తా “నాలుగు దినములును బెంచీలు ఖాళీయే, మాస్టారూ” అనెను. ఆ ఖాళీ బెంచీలలో నాది యొకటి. నా నిందకు నాకే సిగ్గు కలిగెను.

పూర్వము కృతిభర్త రాజు. నేడు టిక్కెట్టు కొనువాడే కృతిభర్త. కాపు తాను ఒప్పని ధాన్యమును కొట్టునకు చేర్చడు. కళాకారుడును తాను ఒప్పని పనిని తెర కెక్కింపరాదు. అది యతని ధర్మము. మంచిది వచ్చినప్పుడు తొలినాళ్ళలోనే వెళ్ళి, బాగున్నచో పదుగురకు చెప్పుట మన ధర్మము. పెద్దలైన మీ మాటకు ఊరిలో విలువ కలదు. ఆ మాటను నిందకొరకే వినియోగింపక, మెప్పుకొరకును వినియోగింపుడని మనవి.