అక్షరము వెనుక అంకె

అక్షరమనగా నశింపనిదని మన పెద్దలు చెప్పిరి. తాటాకుపై గంటముతో వ్రాసిన అక్షరమునకు చెదల భయముండెను. కంప్యూటరులో వ్రాసిన అక్షరమునకు ఆ భయము లేదు గాని మరియొక భయము కలదు. ఒక ప్రోగ్రాములో చక్కగా చదువుకొన్న తెలుగు పుట, మరియొక ప్రోగ్రాములో తెరవగనే అర్థములేని గుర్తుల గుంపుగా మారుట మనలో పెక్కుమందికి అనుభవమే. మాకు అందు ప్రసంగ పాఠములలో సయితము అప్పుడప్పుడు ఇట్టివి కానవచ్చుచుండును. ఫైలు చెడినదని కొందరు దానిని తుడిచివేయుదురు. నిజమునకు చాలసార్లు ఫైలు చెడియుండదు. దానిని చదువు పద్ధతియే తప్పియుండును.

కారణమేమి? కంప్యూటరు అక్షరముల నెరుగదు; అంకెలనే యెరుగును. ఏ అక్షరమునకు ఏ అంకె యన్నది మనుష్యులు చేసికొన్న ఒడంబడిక. అమెరికాలో 1963లో వెలువడిన ఆస్కీ అను ఒడంబడికలో 128 స్థానములే కలవు. అవి ఆంగ్లమునకు చాలెను. తక్కిన భాషలవారు తలకొక పట్టిక కల్పించుకొనిరి. మన దేశమున ఇస్కీ అను పట్టిక 1991లో భారతీయ ప్రమాణముగా వెలువడెను. కాని అచ్చుపనికై వాడుకలోనికి వచ్చిన తెలుగు ఫాంట్లలో పెక్కింటి దారి వేరు. అవి ఆంగ్లాది లిపుల అంకెలకే మన తలకట్లను, గుడులను, కొమ్ములను తొడిగినవి. ఆ ఫాంటు లేనిచోట తొడుగు ఊడి, లోపలి అన్యాక్షరములు బయటపడును. అట్టి పాఠమును ఆ ఫాంటునకై చేసిన మార్పిడి ప్రోగ్రాముతోనే తెలుగు చేసికొనవలెను.

ప్రపంచ లిపులకెల్ల ఒకే పట్టిక యను సంకల్పముతో యూనికోడ్ తొలి కూర్పు 1991లో వెలువడెను. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వరకు స్థానములు కేటాయింపబడినవి. మన 'అ' సంఖ్య 3077. ఈ సంఖ్యలను ఫైలులో నిలుపుటకు 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి నేడు మిక్కిలి వాడుకలో నున్నది. అందు 'అ' 224, 176, 133 అను మూడు బైట్లగును. పాశ్చాత్య భాషల పాత పట్టికతో చదివినచో 224 నెత్తిన గీతగల ఆంగ్లపు ఏ. 176 డిగ్రీ గుర్తు. 133 మూడు చుక్కలు. ఒక్క అక్షరము మూడు గుర్తులైనది! తెలుగక్షరములన్నిటికిని తొలి బైటు 224యే. కనుక పుటనిండ గీతగల ఏ కనబడినచో, లోపలి తెలుగు ఇంకను పదిలముగనే యున్నదని ధైర్యము వహింపవచ్చును. ఫైలును యూటీఎఫ్-8గా తిరిగి తెరచిన చాలును.

అసలు ప్రమాదము భద్రపరచునప్పుడు కలదు. తెలుగునకు తావులేని పాత పట్టికలో భద్రపరచినచో, ప్రతి అక్షరమునకు బదులు ఒక ప్రశ్నార్థకము చేరును. అన్ని అక్షరములును ఒకే గుర్తైన పిదప, ఏది 'క'యో, ఏది 'మ'యో ఎవరు చెప్పగలరు? ఆ నష్టము తిరిగిరానిది. ఒక కథ పోయిన రచయిత మరల వ్రాసికొనవచ్చును; పింఛనుల పట్టికలో ఒక వృద్ధురాలి పేరు ప్రశ్నార్థకముల వరుసయైనచో ఆమె ఎవరికి మొరపెట్టుకొనవలెను? మరియొక చిక్కు కలదు. కంటికి ఒక్కటిగా తోచు 'శ్రీ' శకార, పొల్లు, రేఫ, గుడిదీర్ఘములుగా నాలుగు సంఖ్యలు, పండ్రెండు బైట్లు. ఆంగ్లమునకు కొలిచి గడి కట్టిన ప్రోగ్రాము తెలుగు పేరును నడుమనే త్రుంచివేయును.

కావున కొన్ని జాగ్రత్తలు మనవి చేయుచున్నాము. ఎక్సెల్ పట్టికను ఎగుమతి చేయునపుడు ఉత్త సీఎస్‌వీ గాక, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అను దానినే ఎన్నుకొనవలెను. దిగుమతి చేయునపుడు ఫైలును నేరుగా తెరువక, డేటా విభాగమునుండి రప్పించి, 65001 అను యూటీఎఫ్-8 సంఖ్యను సూచింపవలెను. గజిబిజి కనబడినప్పుడు భద్రపరచక మూసివేయవలెను. మూలప్రతిని వేరుగా దాచవలెను. వేయి పేర్లు పంపుటకు ముందు, ఒత్తులు, దీర్ఘములు గల ఒక్క పేరు పంపి చూడవలెను. ఫైలుతోపాటు అది ఏ పద్ధతిలో నున్నదో ఒక్క ముక్క వ్రాసి పంపుట అన్నిటికంటె మేలు.

ఉత్తరముపై చిరునామా వ్రాయుట మనకు అలవాటే. అక్షరమునకును నేడు అట్టి చిరునామా కావలసియున్నది. అది చెప్పి పంపినచో, మన అక్షరము ఏ యంత్రమునకు చేరినను అక్షరముగనే నిలుచును.