రెండు పేర్లు, ఒకే మనిషి
(మంచిర్యాలలో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పౌరసత్వం గురించి మాట్లాడమన్నారు. నేను పేరు గురించి మాట్లాడతాను. నా చిక్కంతా అక్కడే పడింది.

నాది జగిత్యాల దగ్గర పల్లె. పదో తరగతి మెమోలో, మొదటి పాస్‌పోర్టులో మా నాయిన ఇంటిపేరే ఉంది. పెళ్లయి అమెరికా పోయాను. అక్కడి పౌరసత్వం తీసుకునేటప్పుడు ఫారంలో భర్త ఇంటిపేరు రాశారు. పేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. పిల్లల బడిలో, ఆస్పత్రిలో సులువుగా ఉంటుందన్నారు. నేనూ సంతకం పెట్టాను.

'రెండు పౌరసత్వాలు' అని మనం మాటవరసకు అంటాం. మన దేశంలో అవి లేవు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం కోరి మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది పోతుంది. 2005లో మొదలైన ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా వంటిది. ఓటు లేదు, సాగుభూమి కొనే వీలు లేదు. కార్డు మీద ఉండేది విదేశీ పాస్‌పోర్టులోని పేరే. అంటే అక్కడ నేనొక పేరు, ఊళ్లో నేనింకో పేరు.

నాయిన పోయిన కబురు రాత్రి వచ్చింది. ఊరి నుంచి చిన్నాయిన కొడుకు తొందరలో టికెట్ తీశాడు, తనకు తెలిసిన పేరుతో. విమానాశ్రయం కౌంటర్ దగ్గర ఆపేశారు. టికెట్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒకటి కాదన్నారు. రద్దయిన పాత పాస్‌పోర్టు బీరువాలో ఉంది. మ్యారేజి సర్టిఫికెట్ అసలే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేసిన చట్టం 2002లో వచ్చింది, నా పెళ్లి అంతకు ముందుది. మర్నాటి విమానానికి కొత్త టికెట్ కొని ఊరు చేరేసరికి నాయిన బూడిదే మిగిలింది.

అంతటితో అయిపోలేదు. వారసుల కాగితంలో నా పేరు రాయించబోతే ఒక గుమాస్తా, 'గీ పేరుతోటి ఆయనకు బిడ్డ లేదు కదమ్మా' అన్నాడు. పక్కనే ఉన్న నా తమ్ముడు నోరు విప్పలేదు. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. ఓసీఐ కార్డున్న వాళ్లు సాగుభూమి కొనలేరు గానీ వారసత్వంగా పొందవచ్చు. చట్టం నా వైపే ఉంది. నేనే నేనని చెప్పే కాగితం లేదు. పాత పాస్‌పోర్టు, బడి రికార్డు, రెండు పేర్లూ ఒకరివేనన్న నోటరీ అఫిడవిట్ పట్టుకొని నెలలు తిరిగాను.

నా దగ్గర తిరగడానికి డబ్బుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దుబాయ్, మస్కట్ పోయినవాళ్ల భార్యల సంగతేమిటి? భర్త పాస్‌పోర్టు చివరి పేజీలో ఆమె 'లక్ష్మి'. ఆధార్‌లో 'లచ్చవ్వ'. బీడీ కంపెనీ పీఎఫ్ పుస్తకంలో మరో తీరు. ఆయన అక్కడే చనిపోతే పెట్టె కోసం ఎదురుచూపులు. ఆ తర్వాత జీతం బాకీకి, బీమాకు, 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన 5 లక్షల ఎక్స్‌గ్రేషియాకు ఆమే భార్య అని రుజువు చూపాలి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషిని 'నువ్వెవరు?' అని అడగడం ఎంత క్రూరం!

పేరు మార్చుకోవద్దని నేననను, అది ఆమె ఇష్టం. కానీ మార్చినా, మార్చకున్నా ఆమె హక్కు పోకూడదు. మనం ఊళ్లలో తిరిగేటప్పుడు ముందు కాగితాలు చూద్దాం. పెళ్లి రిజిస్టరు చేయిద్దాం, ఎప్పుడో అయిన పెళ్లయినా సరే. గల్ఫ్ పోయే ప్రతి ఇంట్లో భర్త పాస్‌పోర్టులో భార్య పేరు, ఆమె ఆధార్‌లో పేరు పక్కపక్కన పెట్టి చూద్దాం. పాత పాస్‌పోర్టు పారేయొద్దని చెబుదాం. విమానం టికెట్ మీద, చేతిలో పట్టుకుపోయే పాస్‌పోర్టులోని పేరే అక్షరం పొల్లుపోకుండా ఉండాలని చెబుదాం.

పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు పెట్టింది మనం కాదు. రెండు పేర్లు పెట్టినవాళ్లే ఇవాళ రుజువు అడుగుతున్నారు. ఆ భారం ఆడదాని ఒక్కదాని మీదే ఎందుకుండాలో ఆఫీసుల్లోనూ, మన ఇళ్లలోనూ అడుగుదాం.