అడిగేవాళ్లు లేని సభ ఎవరికోసం?



పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఇప్పుడే విన్నారు. ఇంకో లెక్క కూడా చెప్పుకుందాం.

పెద్ద నాయకుల సభ ఉందంటే ముందు గుర్తొచ్చేది మన సంఘాలే. బస్సు వస్తుంది, కుర్చీ ఉంటుంది, మజ్జిగ ప్యాకెట్ ఇస్తారు. కానీ "తాగునీళ్లు ఎప్పుడిస్తారు?" అని అడిగే మనిషని తెలిస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. నల్ల చున్నీ వేసుకొచ్చినా నిరసన అనుకుని తీయించిన సంగతులు పేపర్లలో చూశాం. మన తలకాయల లెక్క కావాలి, మన మాట మాత్రం వద్దు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. పార్టీ తన ఖర్చుతో పెట్టుకున్న సభలో మైకు ఎవరికివ్వాలో వాళ్లిష్టం. ప్రభుత్వ సొమ్ముతో జరిగే సభ అలా కాదు. గ్రామసభ అసలే కాదు. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో భాగమేనని రాజ్యాంగం 243వ అధికరణం చెబుతోంది. మాట్లాడే స్వేచ్ఛ, ఆయుధాలు లేకుండా శాంతంగా గుమికూడే స్వేచ్ఛ 19వ అధికరణంలో ఉన్నాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా వద్దన్నారు. ఆ మాట ఊరూరా పాకింది. సారా వేలంపాటలకు ఆడవాళ్లను ఎవరూ పిలవలేదు. పిలవని చోటికే వెళ్లి అడ్డం నిలిచారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

మన సంఘంలోనూ అంతే కదా. "పాత కిస్తీలే కట్టలేదు, కొత్త అప్పు ఎలా ఇస్తాం?" అని ఒక్కరు అడ్డం చెబితేనే పదిమంది పొదుపు నిలుస్తుంది. ఆమెను వచ్చే సమావేశానికి రావద్దంటే నష్టం ఆమెకు కాదు, మనందరికీ.

అందుకే మూడు తీర్మానాలు మీ ముందు పెడుతున్నాం. ఒకటి, రాజకీయ సభకు వెళ్లడం, మానడం సభ్యురాలి ఇష్టం. దానికీ అప్పుకీ ముడి పెట్టకూడదు. రెండు, గ్రామసభకు ప్రశ్న కాగితం మీద రాసుకుని సంఘమంతా కలిసి వెళ్దాం. ఒక్కరినైతే బయటికి పంపడం తేలిక, అందరినీ పంపడం కష్టం. మూడు, మన సమావేశాల్లో కాదన్నవాళ్ల మాట కూడా మినిట్స్ పుస్తకంలో రాయాలి.

వీటిలో ఏది నచ్చకపోయినా లేచి చెప్పండి. మైకు కిందికి పంపిస్తున్నాం.