పట్టు రిబ్బనుతో పూలు కుట్టుట
(స్త్రీల కార్యక్రమమున ప్రసారితమైన ప్రసంగము)

దారముతో పువ్వు కుట్టుట మన ఇండ్లలో క్రొత్త విద్య కాదు. గొలుసుకుట్టు, కాడకుట్టు, ముడికుట్టు మన పెద్దలలో పెక్కురకు చేతనైనవే. అయితే దారమునకు బదులు సన్నని పట్టు రిబ్బనును సూదికెక్కించి, రేకుకొక కుట్టు చొప్పున పువ్వును బట్టపై నిలబెట్టు పని మనకంత పరిచితము కాదు. నేడు దానిని గూర్చి ముచ్చటింపదలచితిమి. కంటితో చూచి నేర్వవలసిన దానిని చెవికి చెప్పబూనుట సాహసమే. శ్రోతలు సూదియు, కొంత రిబ్బనును చేతబట్టుకొని వినినచో మా సాహసము కొంతకు కొంత ఫలించును.

ఈ పని 18వ శతాబ్దమున ఫ్రాన్సు రాజసభకు వెళ్ళు దొరసానుల దుస్తులపై వర్ధిల్లినది. పిమ్మట ఇంగ్లాండు చేరి, 19వ శతాబ్దమున అచ్చటి గృహిణుల కుట్టుబుట్టలలో చోటు చేసికొన్నది. అంగుళములో ఎనిమిదవ వంతు వెడల్పు గలిగి, ఒక కొసనుండి మరియొక కొసకు ముదురు రంగు క్రమముగా లేతయగు రిబ్బనును వారు చైనా రిబ్బను అనెడివారు. అట్టి రిబ్బను ఉన్నప్పుడు రేకులకు నీడలు తీర్చు శ్రమ కుట్టువారిది కాదు, అద్దకమువానిది.

రిబ్బను అనగానే పెట్టె మూలనుండు పీలికయే గదా యనుకొందుము. దానిని నమ్ముకొని పట్టణములు బ్రతికినవి. ఒక పట్టణము చితికినది కూడ. ఫ్రాన్సులోని సాంతెత్యెన్ పట్టణమున రిబ్బను నేతగాండ్రు ఇంటనే మగ్గములు నిలుపుకొని పనిచేసెడివారు. మన ధర్మవరపు మగ్గముపై ఒక్క చీర దిగును. వారి మగ్గముపై అనేక రిబ్బనులు ప్రక్కప్రక్కనే ఒక్కసారిగా దిగెడివి. ఆ మగ్గముల ఎత్తునకు తగినట్లు వారి ఇండ్లకు పొడవైన కిటికీలు పెట్టుకొనిరి. ఇంగ్లాండులో ఇదే వృత్తికి కావెంట్రీ ప్రసిద్ధి. 1860లో ఆ రెండు దేశములకును వాణిజ్యపు ఒడంబడిక కుదిరి, ఫ్రెంచి పట్టుపై సుంకము తొలగినది. ఫ్రెంచి రిబ్బనులు చౌకగా దిగుమతి కాగా కావెంట్రీ మగ్గములు ఆగిపోయినవి. కుటుంబములకు కుటుంబములే ఊరు విడిచినవి. కొందరు అమెరికాకు ఓడనెక్కిరి. థామస్ స్టీవెన్స్ అను నేతగాడు మాత్రము అవే మగ్గములపై పట్టుతో బొమ్మలు నేసి, పుస్తకములలో ఉంచుకొను గురుతు పట్టీలుగా అమ్మి నిలద్రొక్కుకొనెను.

ఇక పనిలోనికి వత్తము. 4 మిల్లీమీటర్ల వెడల్పు గల రిబ్బను మొదటి అభ్యాసమునకు అనుకూలము. 30 నుండి 35 సెంటీమీటర్లకు, అనగా జేనన్నరకు మించి కత్తిరింపరాదు. పొడవు ఎక్కువైనకొలది బట్టలో దూరి దూరి అంచులు నలుగును. కొసను ఏటవాలుగా కత్తిరించి సూదిలో దూర్చి, ఆ కొసకు అర సెంటీమీటరు ఇవతల సూదిమొనను రిబ్బనులోనే గ్రుచ్చి లాగినచో అది బెజ్జము వద్ద బిగిసి జారిపోదు. సూది లావుగను, బెజ్జము పొడవుగను ఉండవలెను. రిబ్బను రాపిడి లేక దిగుటకు తగిన రంధ్రమును బట్టలో చేయునది ఆ లావైన సూదియే.

ఈ పెద్ద బెజ్జమే మా ఇంట ఒక మేలు చేసినది. మా పెద్దమ్మగారు చిన్ననాటనుండి సూదిపని యందు గట్టి చేయి. చూపు మందగించి, దారమెక్కించుటకు ప్రతిసారియు మనుమరాండ్రను పిలువవలసి వచ్చుటతో విసిగి, రెండేండ్ల క్రిందట కుట్టుబుట్టను అటకపై పెట్టించిరి. దానిని గూర్చి ఎవరైన ఎత్తినచో మాట మార్చెడివారు. రిబ్బను సూదిని మేము ఆమె చేతికిచ్చినప్పుడు ఎవరి సాయమును లేకయే ఎక్కించుకొనిరి. తొలి గులాబీ మాత్రము చదునుగా, నలిగిన గుండీవలె వచ్చినది. కారణము స్పష్టమే. అరువది ఏండ్లు కుట్టును బిగించిన చేయి రిబ్బనును కూడ బిగించినది.

"లాగకపోతే ఊడిపోదటే?" అని అడిగిరి.

"ఊడదు పెద్దమ్మా, లాగితేనే పువ్వు చచ్చిపోతుంది" అంటిమి. ఆమెకు నమ్మకము కలుగుటకు వారము పట్టినది.

ఆ గులాబీని ఇట్లు కుట్టవలెను. బట్టను ఫ్రేములో బిగించి రూపాయి బిళ్ళంత సున్న గీయుడు. అంచునుండి నడిమికి, బండి చక్రపు ఆకులవలె, రిబ్బను రంగు దారముతోనే ఐదు కుట్లు వేయుడు. ఈ సంఖ్య బేసిగా ఉండవలెను. నాలుగో ఆరో అయినచో ప్రతి చుట్టునను రిబ్బను అవే కుట్లపై పడి అల్లిక కుదురదు. పిదప రిబ్బనును నడిమినుండి పైకి తీసి, ఒక కుట్టు మీదుగా, మరొక కుట్టు క్రిందుగా బుట్ట అల్లినట్లు త్రిప్పుచు పొండు. బట్టను గ్రుచ్చరాదు; అందుచేత బెజ్జము వైపును ముందుగా పోనిచ్చుట మేలు. మొదటి రెండు చుట్లు కొంచెము దగ్గరగా, తరువాతివి వదులుగా ఉండవలెను. రిబ్బను మెలిపడినచో సరిచేయకుడు; ఆ మెలియే రేకు మడత. దారములు కనబడకుండ నిండిన పిదప కొసను రేకు చాటున క్రిందికి దించి, వెనుక దారముతో రెండు కుట్లు వేయవలెను. ముడి వేసినచో పైకి గడ్డవలె పొడుచుకొనివచ్చును.

ఆకు మరియు సులువు. రిబ్బనును బట్టపై పరచి, కొస వద్ద రిబ్బను నడుమనే సూది గ్రుచ్చి మెల్లగా క్రిందికి లాగినచో అంచులు ముడుచుకొని మొన తేలును. మొన తేలగానే చేయి ఆగవలెను. ఇంకొక్క వెంట్రుకవాసి లాగినను ఆకు మాయమగును.

జడలకు కట్టు సాటిను రిబ్బనులు మాకు రుచింపలేదు. బిరుసుగా నుండి రేకు వంగదు. మేలైన పట్టు రిబ్బను అన్ని ఊళ్ళలో దొరకదు కనుక, పలుచని పాత పట్టుచీరను ఏటవాలుగా సన్నని పీలికలు కత్తిరించి వాడవచ్చును. ఏటవాలు కోతకు పోగులు అంతగా ఊడవు. ముందు ఒక పీలికను తడిపి తెల్లబట్టపై అద్ది రంగు దిగునేమో చూచుకొనుడు. ఇస్త్రీ పువ్వుపై చేయరాదు. మందపు తువాలుపై బోర్లించి వెనుకనుండి ఆవిరి తగిలించిన చాలును.

పెద్దమ్మగారి దిండు గలేబుపై ఇప్పుడు పదునొకండు గులాబీలు కలవు. మూలనున్న ఆ నలిగిన దానిని విప్పివేయుదుమంటిమి. ఆమె ఒప్పుకొనలేదు. దాని ప్రక్కన రెండు ఆకులు చేర్చిరి.