చేతిలోని కాలువలు



మన గ్రంథాలయ రజతోత్సవమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కోరితిరి. ఎవరి చేతిలో వారికే యున్న గ్రంథమును గూర్చి మనవి చేసెదను.

వైద్యుడు బొటనవ్రేలి మొదట పట్టి చూచు నాడి యొక ధమని కొట్టుకొనుటయే. శార్ఙ్గధరుడు దానిని ప్రాణమునకు సాక్షిగా జెప్పెను. గుండె నుండి వచ్చు రక్తమును భుజధమని మోచేతి మడత దాక తెచ్చును. అచట, దుగ్గిరాల లాకులకడ మన కాలువలు చీలినట్లు, రెండుగా చీలి, ఒకటి బొటనవ్రేలి వైపునకును, ఒకటి చిటికెనవ్రేలి వైపునకును పోవును. గ్రంథములు చెప్పు తీరిది.

కాని యందరి చేతులు నట్లుండవు. కళేబరములను పరీక్షించిన కొన్ని పరిశోధనలలో, నూటికి సుమారు 14 చేతులలో, బొటనవ్రేలి వైపు ధమని మోచేతికి పైననే, ఒక్కొక్కచో చంకయందే, వేరుపడినది. ఇది రోగము కాదు. గర్భమునందే యేర్పడిన తీరు. ఒక్క మనిషికే రెండు చేతులును రెండు తీరులుగా నుండవచ్చును.

అరుదుగా కొందరికి ధమని చర్మము క్రిందనే పైపైన పోవును. దానిని సిర యని భ్రమించి సూదిమందెక్కించినచో వ్రేళ్లే పోవచ్చును. కావున సూదికి ముందు వ్రేలితో తాకి చూడవలెను: ధమని కొట్టుకొనును, సిర కొట్టుకొనదు. మందెక్కునపుడు చేయి భగ్గున మండినచో, మొగమాటము లేక తత్క్షణమే చెప్పుడు.

లెక్కలు వ్రాసినవాడను గనుక నొకటి యెరుగుదును: పటములోని కాలువ వేరు, పొలములో పారు కాలువ వేరు. పటము లేనిదే దారి తెలియదు. గట్టున నిలిచి చూడనిదే నీరు తెలియదు. గ్రంథమును చదువుడు, పిమ్మట చేతిని పట్టి చూడుడు.

స్వస్తి.