తెర ఎంతో కిటికీ అంత



ఫోను తెరపై మనం ఏదో పని చేసుకొంటూ ఉండగా, ఆ పనికి అడ్డంగా ఒక చిన్న కిటికీ వచ్చి నిలుస్తుంది. దీనిని పాప్ అప్ అంటారు. "ఈ షరతులు మీకు సమ్మతమేనా?" అనో, "మీ వివరాలు పంపవచ్చునా?" అనో అది అడుగుతుంది. అడగడంలో దోషం లేదు. కాని, ఆ కిటికీ తెరకంటె పెద్దదైతే జవాబు చెప్పవలసిన మీట మన కంటికి కనబడదు.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపాన తీరం దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చినది. అటువంటి ఆపదలో ఒక రైతు పరిహారం కోసం ఫోనులో దరఖాస్తు నింపుతున్నాడని ఊహించుకొందాం. కిటికీ వచ్చినది. పేరు వ్రాయబోగా కింది నుండి కీబోర్డు పైకి లేచినది. తెర ఎత్తు 640 పిక్సెళ్లు అనుకొంటే, కీబోర్డు 280 ఆక్రమించగా మిగిలినది 360. కిటికీ ఎత్తు 500. దానిని మిగిలిన చోటు నడుమ నిలిపితే పైన 70, కింద 70 మరుగున పడుతవి. మూసివేసే గుర్తు పైన, పంపే మీట కింద ఉండిపోయినవి. వెనుక పుట కదలకుండా బిగించి ఉన్నది గనుక, ఎంత జరిపినా అవి చేతికి అందవు. రైతుకు ముందుకు పోయే దారీ లేదు, వెనుకకు వచ్చే దారీ లేదు.

దీనికి మందు కష్టమైనది కాదు. కిటికీ ఎత్తును ముందే ఒక అంకెగా నిర్ణయించక, కనబడుతున్న తెరలో ఇంత భాగమని హద్దు పెట్టాలి. శీర్షికను పైన, మీటలను కింద స్థిరంగా ఉంచి, నడిమి విషయం మాత్రమే జరిగేటట్లు చేయాలి. కీబోర్డు లేచినప్పుడు, ఫోనును అడ్డంగా తిప్పినప్పుడు, కొలత మళ్లీ తీసుకోవాలి. కనబడే భాగం ఎంతో బ్రౌజరే చెప్పగలదు. అడగవలసినవాడు కార్యక్రమ రచయిత. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ 2008లోనే, అక్షరాలను రెండింతలు పెంచినా విషయం చెడరాదని నియమం చేసినది. 320 పిక్సెళ్ల వెడల్పులో కూడ, పుటను అడ్డంగా జరపకుండానే చదువ వీలుండాలని 2018లో మరొక నియమం చేర్చినది. చూపు మందగించిన పెద్దలు అక్షరాలను పెంచుకొంటారు గనుక ఈ నియమాలు ముఖ్యంగా వారికి మేలు చేసేవి.

తెలుగు విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటవి. ఆంగ్లాక్షరాలకు సరిపడే వరుస ఎడంలో 'స్త్రీ' అన్న అక్షరం ఇరుకున పడుతుంది. ఒక్కొక్కప్పుడు వత్తు తెగిపోతుంది. ఆంగ్లంలో రెండక్షరాల 'ఓకే' ఉన్న మీటపై 'సమ్మతిస్తున్నాను' అని వ్రాస్తే మీట చాలదు. కనుక తెలుగు కిటికీని తెలుగు పాఠంతోనే కొలిచి చూడాలి.

శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకొని, వారి చదువుకోసం ఆ భాషలోనే పుస్తకాలు వ్రాసినారు. చదివేవాడు పుస్తకం వద్దకు రాలేనప్పుడు పుస్తకమే చదివేవాని వద్దకు పోవలెనన్నది అందులోని నీతి. తెరమీది కిటికీకి కూడ అదే నీతి వర్తిస్తుంది. అందరి చేతుల్లోనూ పెద్ద ఫోనులు ఉండవు. అందరి కళ్లూ ఒకే తీరుగా చూడవు.

అటువంటి కిటికీ ఎదురైతే మొదట కీబోర్డును దించండి. తరువాత ఫోనును నిలువుగా పట్టుకొని, నడిమి భాగాన్ని వేలితో జరిపి చూడండి. అప్పటికీ మీట కనబడకపోతే, ఎక్కడో ఒకచోట నొక్కి బయటపడదామని తొందరపడకండి. చదువకుండా నొక్కిన మీట కూడ సంతకమే. కార్యక్రమాలు వ్రాసే యువకులకు నా మనవి ఒక్కటే: సమ్మతించే మీట ఎంత స్పష్టంగా కనబడుతుందో, నిరాకరించే మీట కూడ అంత స్పష్టంగా కనబడేటట్లు చూడండి. రెండూ కంటికి కనబడినప్పుడే మనిషి ఇచ్చిన సమ్మతి సమ్మతి అవుతుంది.