జలాంతర్గామి: రెక్కల వేగము, నౌక వేగము



సముద్రమునకు దూరమున నున్న మునగాలలో బడిపంతులుగా పనిచేసి విరమించినవాడను. మునగాల జమీందారీలో దివానుగా నుండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులై, శాస్త్రమును తెలుగున చెప్పవచ్చునని చూపిరి. ఆ ధైర్యముతోనే నేడు జలాంతర్గామిని గూర్చి ముచ్చటించుచున్నాను.

విశాఖపట్టణ సముద్రతీరమున ‘కురుసుర’ యను జలాంతర్గామి 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. 1969 మొదలు 2001 వరకు అది మన నౌకాదళమున సేవచేసెను. పొడవు 91 మీటర్లు. నడుపుటకు మూడు ప్రొపెల్లరులు. దానిని చూచి వచ్చుచుండగా నా మనుమడు, “తాతయ్యా, రెక్కలు రెండింతలు వేగముగా తిరిగిన ఓడయు రెండింతలు పోవునా?” అని యడిగెను.

ఇంచుమించు పోవును. మరమేకు ఒక చుట్టు తిరిగిన కొయ్యలో ఒక మర దిగును. నీటిలో ప్రొపెల్లరు పనియు నట్టిదే. చుట్టునకు ఒకటిన్నర మీటరు సాగునది నిమిషమునకు 200 చుట్లు తిరిగెననుకొందము. లెక్క ప్రకారము 300 మీటర్లు, అనగా గంటకు 18 కిలోమీటర్లు పోవలెను. కాని కొయ్య కదలదు, నీరు కదలును. దమ్ముచేసిన మడిలో అడుగు వెనుకకు జారినట్లు కొంత జారుటచే, నౌక అంతకు తక్కువే సాగును. అయినను చుట్లు పెరిగిన కొలది వేగమును దాదాపు అదే పాలున పెరుగును.

చిక్కంతయు శక్తిలో నున్నది. వేగము రెండింతలు కావలెనన్న శక్తి రెండింతలు చాలదు; రెండింటి ఘనము, ఎనిమిదింతలు, కావలెను. నీటిపై కురుసురను డీజిలు యంత్రములు నడిపెడివి. లోతున వానికి గాలి దొరకదు గనుక బ్యాటరీయే గతి. అచ్చట గంటకు 28 కిలోమీటర్ల వరకు పోగలిగినను, ఆ వేగమున బ్యాటరీ కొద్ది గంటలకే అడుగంటును. మనిషి నడకవలె మెల్లగా పోయిన దినముల తరబడి నిలుచును.

మరియొక అపాయము గలదు. రెక్కలు మితిమీరి తిరిగిన, వాని యొక వైపున నీటి యొత్తిడి తగ్గి ఆవిరిబుడగలు పుట్టి చప్పుడుతో చితుకును. శత్రువు వినికిడి యంత్రముతో ఆ రెక్కల దెబ్బలను నిమిషమునకిన్ని యని లెక్కించి, రెక్కల సంఖ్యచే భాగించి చుట్లను, చుట్లనుబట్టి వేగమును తెలిసికొనును. తప్పించుకొనుటకు పడిన తొందరయే పట్టియిచ్చును. లోపల నున్నవి సుమారు 75 మంది ప్రాణములు! అందుచేతనే శత్రువు వెంటబడినపుడు నేర్పరియైన నాయకుడు లోతునకు దిగి, రెక్కలను మెల్లగా త్రిప్పించెడివాడు. లోతున ఒత్తిడి హెచ్చు గనుక బుడగలు సులభముగా పుట్టవు.

మనుమనితో నేననినది యిదియే: “నాయనా, రెండింతలు పోవచ్చును. కాని బ్యాటరీ ఎంతసేపు నిలుచునో, చప్పుడు ఎవరు వినుచున్నారో ముందుగా చూచుకొనవలెను.”